నెత్తురును కొలుచు వెలుతురు

2021వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలినప్పుడు మన యిండ్లలో ననేకములకు పల్స్ ఆక్సీమీటరను చిన్న పనిముట్టు వచ్చి చేరినది. దానిని వ్రేలికి తగిలించి 95, 96 అని చదువుకొనుట పిల్లలకు సైతము వాడుకయైనది. సూదిపోటు లేక, నెత్తుటిబొట్టు తీయక, అది రక్తములోని ప్రాణవాయువు నెట్లు కనిపెట్టునో యడిగినవారు మాత్రము కొందఱే.

రక్తమునందలి హిమోగ్లోబిను ప్రాణవాయువును మోయును. వాయువు నిండిన హిమోగ్లోబిను ఎఱ్ఱని కాంతిని తక్కువగా మ్రింగును. వాయువు లేనిది ఎక్కువగా మ్రింగును. కంటికి కానరాని పరారుణ కాంతి విషయమున నిది తలక్రిందులు. కావున యంత్రము 660 నానోమీటర్ల యెఱ్ఱని కాంతిని, 940 నానోమీటర్ల పరారుణ కాంతిని వ్రేలిగుండ పంపి, ఆవలికి వచ్చినదెంతయో చూచును. కాని వ్రేలియందు రక్తమొక్కటియే లేదు గదా! చర్మము, ఎముక, మాంసము, అన్నియు వెలుతురును మ్రింగునవే.

ఈ చిక్కును విప్పినవాడు జపాను దేశీయుడగు తకువో అవోయాగి. వేఱొక పరీక్షలో నాడి కదలిక తన కొలతలను చెడగొట్టుచుండగా, దానిని తొలగింప నాతడు యత్నించుచుండెను. గుండె కొట్టుకొనినప్పుడెల్ల ధమనీరక్తము పెరిగి తగ్గును. చర్మమును ఎముకయు మాఱవు. కాన మాఱుచున్న కాంతిని మాత్రమే లెక్కగొన్నచో ధమనీరక్తమే దొరకును. అడ్డంకియే సాధనమైనది! దీని నాతడు 1974లో ప్రకటించెను.

ఈ లెక్క ప్రకారము మేనిరంగు ఫలితమును మార్పరాదు. మార్చుచున్నదని శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 2005లోనే చెప్పిరి. పలువురు దానిని చెవిని బెట్టలేదు. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు రోగుల కొలతలను పోల్చిచూచిరి. యంత్రము 92 మొదలు 96 శాతము వఱకు చూపినవేళ ధమనినుండి తీసిన రక్తమున నిజముగా 88 శాతమునకు తక్కువగా నుండిన సందర్భములు తెల్లజాతి రోగులలో నూటికి 3.6, నల్లజాతి రోగులలో 11.7. రోగిని చేర్చుకొనుటయా, యింటికి పంపుటయా యని యీ యంకెను చూచి నిర్ణయించుచుండిన దినములవి. ఇది చిన్న తేడా యనుటకు వీలులేదు.

కారణమేమి? యంత్రము కనుగొనునది రెండు కాంతుల నిష్పత్తిని మాత్రమే. ఇంత నిష్పత్తికి ఇంత శాతమని చెప్పు పట్టికను, ఆరోగ్యవంతులచేత ప్రాణవాయువు తగ్గించిన గాలిని పీల్పించి, వారి రక్తమును పరీక్షించి తయారుచేయుదురు. అమెరికా ప్రభుత్వ శాఖవారి 2013నాటి సూచనల ప్రకారము పరీక్షకు 10 మంది చాలును. వారిలో నల్లని మేనివారు ఇద్దఱున్న చాలును. పదిమందితో లోకమునంతటిని కొలువబూనుట వింతయే. 2025 జనవరిలో వెలువడిన ముసాయిదాలో 150 మందినైనను పరీక్షింపవలెనని ప్రతిపాదించిరి.

ముంజేతి గడియారములలో పని మఱింత కష్టము. అందు కాంతి చేతిగుండ దాటిపోదు. పైకి తిరిగివచ్చిన కొంచెపు వెలుతురునే పట్టుకొనవలెను. నాడిని లెక్కించుటకు వాని యడుగున ఆకుపచ్చ దీపముండును, రక్తము ఆ రంగును మిక్కిలిగా మ్రింగును గనుక. చామనచాయ మేనివారమగు మన మీ గడియారమును కొనునపుడు, దీని పట్టిక యెవరి చేతులమీద తయారైనదని యంగడివాని నడుగుట మన హక్కు.