థైమస్‌కూ అండాశయానికీ ఏమిటి సంబంధం?

రోగక్రిములు శరీరంలో ప్రవేశిస్తే తెల్లరక్తకణాలు వాటితో పోరాడతాయని మీకు తెలుసు. మరి అవే కణాలు సొంత అవయవంపై విరుచుకుపడితే?

1969లో జపాన్ శాస్త్రజ్ఞులు నిషిజుకా, సకాకురా మూడు రోజుల వయసున్న ఆడ చిట్టెలుకలకు ఛాతీలోని థైమస్ గ్రంథిని తొలగించారు. విచిత్రం! కొన్నాళ్లకు వాటి అండాశయాలు కుంచించుకుపోయాయి, అండాలు నశించాయి. ఎందుకని?

టి-కణాలనే తెల్లరక్తకణాలు థైమస్‌లో పరిపక్వమవుతాయి. వీటిలో దాడిచేసేవి కొన్ని, వాటిని అదుపులో ఉంచేవి కొన్ని. చిట్టెలుకల్లో అదుపుచేసే కణాలు మూడో రోజు తరువాతనే ఎక్కువగా బయటికి వస్తాయి. ఆలోగా గ్రంథిని తీసివేస్తే దాడిచేసే కణాలదే పైచేయి అవుతుంది. అవి అండాశయంలో చేరి, వాపు కలిగించి, దానిని పాడుచేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకల టి-కణాలను ఎక్కిస్తే ఈ నష్టం జరగదని సకగుచి అనే శాస్త్రజ్ఞుడు చూపారు. అదుపుచేసే కణాలను 1995లో గుర్తించిన ఆయనకు 2025లో మరి ఇద్దరితోపాటు నోబెల్ బహుమతి లభించింది.

ఇక మనుషుల సంగతి. ఆడశిశువు సుమారు 10 నుంచి 20 లక్షల అండాలతో పుడుతుంది. ఆ నిల్వ తరుగుతుందే గాని పెరగదు. సాధారణంగా 50 ఏళ్ల ప్రాంతంలో ఆగే ఋతుక్రమం కొందరికి 40 ఏళ్ల లోపే ఆగిపోతుంది. జన్యులోపాలు, కాన్సర్ చికిత్స వంటివి ఇందుకు కారణాలు. కొందరిలో మాత్రం అదుపు తప్పిన రోగనిరోధక వ్యవస్థే కారణం. ఆ వ్యవస్థకు బలం ఎంత అవసరమో, అదుపూ అంతే అవసరమన్నమాట!