ఐదేండ్లు నిండువరకు ఆగవలెనా?

సమస్య

అయ్యా,
మాది ఆళ్లగడ్డ. మా ఆయన రాతిశిల్పముల పని చేయుదురు. మా బాబుకు మూడేండ్లు నిండినవి. నేటివరకు ‘అమ్మా’ అని పిలువలేదు. పేరు పెట్టి పిలిచినను తల త్రిప్పడు; రాయి కోయు యంత్రము తిరుగగానే మాత్రము చెవులు మూసికొని ఏడ్చును. బొమ్మకారును బోర్లించి గంటలకొలది చక్రములే త్రిప్పుకొనుచుండును. “మొగపిల్లోనికి మాటలు ఆలస్యంగానే వస్తాయి, వాళ్ల నాయనకూ అంతే” అని మా అత్తగారందురు. నంద్యాలలో ఒక డాక్టరుగారికి చూపితిమి. ఐదేండ్లు వచ్చినాక తీసికొని రమ్మన్నారు. బిడ్డకు ఫోను అలవాటు చేసి చెడగొట్టితినని ఇరుగుపొరుగువారు నన్నే తప్పు పట్టుచున్నారు. నేనేమి చేయవలెను?
— ఒక తల్లి, ఆళ్లగడ్డ

సలహా

అమ్మా,
ఆగవలదు. 16 నెలలకు ఒక్క మాటయు, రెండేండ్లకు రెండు మాటల కూర్పును రాని బిడ్డను వైద్యునికి చూపవలె ననునది శిశువైద్యమున స్థిరపడిన నియమము. మీ బాబు ఆ రెండు గడువులను దాటినాడు, పైగా పిలుపునకు పలుకుట లేదు.

మొదట వినికిడి తేలవలెను. యంత్రపు మ్రోతకు ఏడ్చుచున్నాడు గనుక చెవులు బాగుగనే యున్నవని నిశ్చయించుకొనరాదు. పెనుధ్వనులు వినబడుచు, మాటలలోని సన్నని హల్లులు మాత్రము అందని చెవిటితనము కలదు. బిడ్డ నిద్రించుచుండగా తలపై తీగలు అంటించి, శబ్దమునకు మెదడు స్పందించు తీరును కొలుచు బెరా పరీక్షలో నొప్పి యుండదు. నంద్యాలలో కుదరనిచో కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోని చెవి, ముక్కు, గొంతు విభాగములో అడుగుడు.

చెవులు చక్కగా నున్నచో, మీరు వ్రాసిన లక్షణములను బట్టి వైద్యులు ఆటిజమును, అనగా మాటలును ఇతరులతో మెలగుటయు తేడాగా ఎదుగు స్థితిని, గూర్చి పరీక్షింతురు. జాబు చదివి ఆ మాట నేను నిర్ణయింపజాలను. అయినను మీపై మోపిన నింద నిరాధారమని మాత్రము నిశ్చయముగా చెప్పగలను. 1943లో లియో కానర్ అను వైద్యుడు ఈ స్థితిని వర్ణించిన పిమ్మట, తల్లుల ప్రేమరాహిత్యమే దీనికి హేతువని పాశ్చాత్య వైద్యులు కొందరు చాలకాలము నమ్మి ఎందరో తల్లులను క్షోభపెట్టిరి. 1977లో కవలపిల్లలపై జరిగిన పరిశోధన జన్యుకారణముల వైపు చూపిన తరువాత ఆ వాదము నిలువలేదు. ఫోను దీనికి మూలము కాదు. కాని ఫోను చూచునంతసేపు ఎవరును బిడ్డతో మాటలాడరు గనుక, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినట్లు, ఈ వయస్సువారికి దినమునకు గంట మించనీయవలదు.

మీ వీధి అంగన్‌వాడీ టీచరునకు నేడే చెప్పుడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుమార్లు పరీక్షించి, ఎదుగుదలలో వెనుకబడినవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు ఉచితముగా పంపవలెను. అచ్చట మాటల శిక్షణ నిచ్చువారిని ఒక్కటి గట్టిగా అడుగుడు: “ఇంటిలో మేమేమి చేయవలెనో నేర్పండి” అని. దినమొక మారు బస్సెక్కి పోయివచ్చుట కూలి మీద బ్రతుకు ఇంటికి సాధ్యము కాదు; వారమున కొక గంట అక్కడ జరుగు దానికంటె దినమంతయు ఇంటిలో జరుగునదే ఈ వయస్సున ఎక్కువ ఫలించును. బాబు చక్రము త్రిప్పుచుండగా దానిని లాగికొనక, ఎదురుగా నేలపై కూర్చుండి, మీరును త్రిప్పి, “తిరిగె, తిరిగె” అని, ఆగి, వాడు మీ మొగము చూచువరకు ఓపికతో నుండుడు. అన్నము, నీళ్లు, స్నానము, అన్నిటి వద్దను ఇట్లే. రోగమునకు పేరు తేలువరకు దీనిని మొదలుపెట్టక ఆగనక్కరలేదు; ఆటిజము కాదని తేలినను ఇందువలన నష్టము లేదు. మందుతో ఆటిజమును పూర్తిగా మాన్పెదమని డబ్బడుగువారికి ఒక్క రూపాయియు ఈయకుడు.

బాబు ఆడుచుండగా, పిలిచినను పలుకకుండగా రెండు మూడు చిన్న వీడియోలు తీసి డాక్టరునకు చూపుడు. కొత్తచోట బిడ్డ భయపడి ముడుచుకొనును గనుక కొద్దినిమిషములలో వారికేమియు తెలియదు. వచ్చిన మాటలు మరల పోయినను, ఎన్నడైన మూర్ఛ వచ్చినను మొట్టమొదట అదియే చెప్పుడు. అట్లయిన ఈ వారమే పొండు. అత్తగారిని వెంటబెట్టుకొని పొండు. మనుమనిపై ప్రేమతోనే ఆమె ఆ మాట అన్నారు. పగలంతయు బాబు ఆమె యొడిలోనే యుండును గనుక, ఆ శిక్షణ మీతోపాటు ఆమెయు నేర్చుకొనవలెను.