ముందు ఎమ్మెస్సీయా, ఎంఎడ్డా?

ప్రశ్న: బీఎస్సీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివి బీఎడ్ చేశాను. కైకలూరు దగ్గర ప్రైవేటు బడిలో సైన్సు చెబుతున్నాను. పైచదువుకు ఎంఎడ్ మేలా, ఎమ్మెస్సీ మేలా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: మీరు ఎవరికి చెప్పాలనుకుంటున్నారన్నది ముందు తేల్చుకోండమ్మా. హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటు పోస్టుకు ఎంఎడ్ అడగరు. డిగ్రీ, బీఎడ్, టెట్, ఆపై డీఎస్సీ. ఇంటర్ పిల్లలకు చెప్పాలంటే ఎమ్మెస్సీ కావాలి. బీఎడ్ కాలేజీలో సైన్సు బోధనా పద్ధతులు చెప్పాలంటే 2014 ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం రెండూ ఉండాలి, ఒక్కోదానిలో కనీసం 55 శాతం మార్కులతో. అందుకే ముందు ఎమ్మెస్సీ చేయమంటాను. ఏపీ పీజీసెట్ రాయండి. తాడేపల్లిగూడెంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది; ఈ ఏడాది అక్కడ మీ సబ్జెక్టు ఉందో లేదో చూడండి.

తర్వాత ఎంఎడ్‌లో చేరితే పరిశోధనాంశం కోసం ఎక్కడికో వెళ్లకండి. కొల్లేరు పిల్లలకు చెరువులు తెలుసు. తెల్లవారుజామున చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరవడం చూసే ఉంటారు. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగుతుంది, నాచూ చేపలూ శ్వాసిస్తూనే ఉంటాయి, నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ అనుభవంతో మొదలుపెట్టిన పాఠం పిల్లలకు ఎంత బాగా అందుతుందో పరీక్షించి చూడండి. ఇలాంటి పని మన బడులకు నిజంగా అవసరం.

బీఎడ్ మెథడాలజీకి, పీజీ సబ్జెక్టుకు పొంతన కుదరకపోయినా, డిగ్రీ వేరే రాష్ట్రానిదైనా ఫీజు కట్టకముందే మార్కుల జాబితాలతో విశ్వవిద్యాలయ ప్రవేశాల విభాగానికి స్వయంగా వెళ్లి అడగండి.