వాడిన నూనెను మేయు ఈస్టు

తిరుపతి పట్టణమున వడలు, బజ్జీలు వేగు బాణలి చల్లారిన దినము లేదు. యాత్రికులు పెరిగినకొలది మిగిలిపోవు నల్లని నూనెయు పెరుగుచున్నది. దానిని కాలువలో పోసినచో జిడ్డు పేరుకొని మురుగు నిలుచును. మరల మరల కాచినచో తినువారికి హాని. మెట్టచేల వేరుసెనగ నుండి ఎంతో కష్టమున వచ్చిన నూనెకు ఇట్టి గతి పట్టనేల? దీనికి విలువ తెచ్చు మార్గమొకటి కలదు.

కల్లు పొంగుటకును, రొట్టెపిండి ఉబ్బుటకును కారణమగు సూక్ష్మజీవికి ఈస్టు అని పేరు. ఈస్టులు సాధారణముగ చక్కెరను కోరును. కాని కొన్ని జాతులు కొవ్వును గూడ చక్కగా తినును. వానిలో ముఖ్యమైనది యారోవియా లిపోలిటికా. ఇది లైపేసు అను జీర్ణరసమును విడిచి, నూనెను గ్లిసరినుగను కొవ్వు ఆమ్లములుగను విడదీయును. పిదప ఆ ఆమ్లములను లోనికి గ్రహించి, వాని కర్బన పరమాణువుల గొలుసును రెండేసి చొప్పున కొరుకుచు పోవును. చెరకు గడను కణుపు కణుపుగ నమలినట్లని యెంచుడు. నత్రజని చాలనప్పుడు ఎదుగుట మాని, నిమ్మపండులోని పులుపైన సిట్రిక్ ఆమ్లమును బయటికి విడుచును.

ఆముదము విషయమున ఈ కొరుకుడు మరింత చిత్రముగ నుండును. వేరుసెనగ చేల గట్లపై లద్దెపురుగునకు ఎరగా నాటు ఆముదపు మొక్కను ఎరుగని సభ్యుడుండడు. ఆ గింజల నూనెలో నూటికి 85 పాళ్లకు పైగా రిసినోలిక్ ఆమ్లమే. దాని గొలుసులో 18 కర్బన పరమాణువులు కలవు. ఈస్టు నాలుగుమార్లు కొరుకగా 10 మిగులును. అచ్చట ఆపగలిగినచో మిగిలిన ముక్క చుట్టుకొని గామా డెకలాక్టోను అగును. అది పీచు పండువలె పరిమళించును. ఆముదము త్రాగి ముఖము చిట్లించుకొన్నవారు దీనిని నమ్మజాలరు! అయితే ఆపుటయే కష్టము. ఈస్టు తాను చేసిన సుగంధమును తానే తినివేయగలదు. సహజమని చెప్పదగిన ఈ పదార్థము 1980 ప్రాంతమున మిక్కిలి ప్రియముగ నుండెను. ఈస్టు పద్ధతి వ్యాపించిన పిమ్మట వెల అనేక రెట్లు పడిపోయెను. పాత వెలలు చూపి పెట్టుబడి యడుగువారి మాట నమ్మరాదు.

స్టార్మెరెల్లా బొంబికోలా అను మరియొక ఈస్టునకు చక్కెరయు నూనెయు కలిపి యిచ్చినచో, ఆ రెంటిని జోడించి నురుగునిచ్చు సబ్బువంటి సోఫోరోలిపిడును చేయును. జపాను, ఐరోపా దేశములలో దీనిని శుభ్రపరచు ద్రవములలో వాడుచున్నారు. వాడిన వంట నూనెతోను దీనిని చేయవచ్చునని ప్రయోగశాలలలో తేలినది. బెల్లపు గానుగలును నూనె మిల్లులును గల చిత్తూరు సీమకు ఇది తగిన పనియని నా అభిప్రాయము.

అయినను ఇది ఇంటి కుండలో చేయదగినది కాదు. నూనె నీటిలో కలియదు గనుక ఎడతెగక చిలుకవలెను, గాలి పంపవలెను, అన్య సూక్ష్మజీవులు చొరకుండ పాత్రలను ఆవిరితో శుద్ధి చేయవలెను. నేడు మన దేశమున సేకరింపబడు వాడిన నూనె ముఖ్యముగ బయోడీజిలునకు పోవుచున్నది. ఏ పనికైనను మొదట కావలసినది శుభ్రమైన సరకు.

వేపుడు నూనెలో ధ్రువ పదార్థములు నూటికి 25 పాళ్లు మించినచో దానిని వాడరాదని 2018 జూలై 1 నుండి నిబంధన అమలులోనికి వచ్చినది. మాడిన నూనెను చల్లార్చి, గుడ్డతో వడగట్టి, తడిలేని డబ్బాలో మూతవేసి ఉంచవలెను. నీరు తగిలినచో త్వరగా పులిసి చెడును. ఇంజను నూనెను ఎన్నడును కలుపరాదు. డబ్బాపై నూనె రకమును, నింపిన తేదీని వ్రాసి, అనుమతి పొందిన సేకరణదారులకే తూచి యిచ్చి రసీదు పుచ్చుకొనవలెను.