ఆరోగ్య పాఠం: రాత్రి వంటకు కీమా నూడుల్స్

తల్లుల తరగతిలో పోయినసారి రక్తహీనత గురించి చెబుతూ ఉంటే వెనుక వరుసలో నుండి ఒక తల్లి చెయ్యి ఎత్తింది. లాడ్ బజార్ గాజుల పనికి పోతుందట. హిమోగ్లోబిన్ 8.6 ఉంది, ఇంటిలో ఇద్దరు బడి పిల్లలు.

"సిస్టరమ్మా, ఆకుకూర తినుండ్రి, మాంసం తినుండ్రి అని మీరు చెప్తరు. నేను ఇంటికి పోయేసరికి ఎనిమిదైతది. అప్పుడు ఏం వండాలె? పిల్లలేమో నూడుల్సే కావాలంటరు. రెండు ప్యాకెట్లు ఉడకబెట్టి పెడుత. నేనింత చాయ్ తాగి పండుకుంట."

ఆమె మాటలకు తరగతిలో చాలామంది తలలు ఊపారు. అందుకే ఈ నెల పాఠం అన్నం, పప్పు మీద కాదు. పిల్లలు అడిగే ఆ నూడుల్స్‌నే తీసుకుందాం. పావు కిలో కీమా, రెండు గుప్పిళ్ల కూరగాయలు వేస్తే అదే తల్లికీ పిల్లలకూ భోజనం అవుతుంది. చేయి అలవాటు పడితే అరగంట పని.

ప్యాకెట్టులో ఏమి తక్కువ, ఏమి ఎక్కువ?

2015 జూన్‌లో సీసం ఉందన్న అనుమానంతో మ్యాగీ అమ్మకాలు దేశమంతటా ఆపివేయడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది, నవంబరులో సరుకు మళ్లీ దుకాణాలకు వచ్చింది. ఆ గొడవ మూలాన నూడుల్స్ అనగానే అందరికీ సీసమే గుర్తుకు వస్తుంది. మా ఆసుపత్రిలో మాకు రోజూ కనబడే బాధ వేరు. అది ఉప్పు. ఏ కంపెనీదైనా మసాలా పొట్లంతో వచ్చే ఒక చిన్న ప్యాకెట్టులో సుమారు 2 గ్రాముల ఉప్పు ఉంటుంది, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. పెద్దవారికే రోజు మొత్తానికి 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎనిమిదేళ్ల పిల్ల ఒక్క పూటలో అందులో సగం దాకా తినేస్తున్నది. మైదా కడుపు నింపుతుంది గాని మాంసకృత్తులు స్వల్పం, పీచు అంతకన్నా స్వల్పం.

అందుచేత మసాలా పొట్లం లేని సాదా నూడుల్స్ కొనండి. కిరాణా దుకాణంలో హక్కా నూడుల్స్ అని అడిగితే ఇస్తారు. (హక్కావారు కలకత్తాలో స్థిరపడిన చైనా కుటుంబాలవారు. వారి వంట అక్కడి నుండే మన బండ్ల మీదకు వచ్చింది.) దొరకకపోతే వేయించిన సేమియా పనికి వస్తుంది. రంజాన్‌లో షీర్ ఖుర్మా వండే పాతబస్తీ వారికి సేమియా గురించి మేము చెప్పవలసింది లేదు.

ఏ కీమా?

మన దగ్గర కొందరు 'బడే కా' అంటారు, కొందరు 'పెద్ద కూర' అంటారు. ఈ ఊరి దుకాణాలలో ఆ పేరుతో దొరికేది ముఖ్యంగా గేదె జాతి మాంసం. 1977 నాటి చట్టం ప్రకారం ఆవుల వధ మన రాష్ట్రంలో నిషేధం. గేదె మాంసం మేక మాంసంకంటే చాలా చవక, కొవ్వు తక్కువ. తినని ఇండ్లలో ఎవరూ బలవంతపడనక్కర లేదు. మేక కీమా, కోడి కీమా, చివరికి నానబెట్టి పిండిన మీల్ మేకర్‌తోనూ ఇదే పద్ధతిలో చేయవచ్చు. మీల్ మేకర్‌లో బి12 విటమిను ఉండదు, అది ఒక్కటి గుర్తు పెట్టుకోండి.

ముందే కొట్టి పళ్లెంలో పెట్టిన కీమా కొనకండి. అందులో ఏమి కలిసిందో, ఎన్ని గంటలైందో మీకు తెలియదు. ముక్క చూపించి, పైకొవ్వు తీయించి, కడిగించి, మీ ఎదుటనే మిషన్‌లో రెండుసార్లు వేయించండి. గేదె మాంసం పీచు ముతక. ఒక్కసారి వేస్తే అరగంటలో అయ్యే వంటలో నమలడం కష్టమవుతుంది. పనికి పోయేటప్పుడు కొని సంచిలో ఉంచుకోవడం వద్దు. ఇంటికి వచ్చేటప్పుడే కొనండి. లేదా ముందురోజు కొని పావు కిలో పొట్లాలుగా ఫ్రీజర్‌లో పెట్టి, ఉదయం కింది అరలోకి మార్చండి.

కీమా విషయంలో ఇంత పట్టుదల ఎందుకని అడుగుతారేమో. మాంసపు ముక్కకు క్రిములు సాధారణంగా పైనే ఉంటాయి, వేడి తగలగానే పోతాయి. కొట్టినప్పుడు ఆ పై భాగం లోపలికి, లోపలిది పైకి కలిసిపోతుంది. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో సరిగా ఉడకని కీమా బిళ్లలు తిని 700 మందికి పైగా జబ్బు పడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఇ.కోలై అనే క్రిమిలో ఒక రకం వారి మూత్రపిండాలను దెబ్బతీసింది. కొట్టిన మాంసం లోపలి దాకా 71 డిగ్రీల సెంటీగ్రేడు వేడి అందుకోవాలని అక్కడి నియమం. మన ఇండ్లలో ఉష్ణమాపకం ఉండదు. ఎర్రదనం ఎక్కడా మిగలకుండా, ఊరిన నీరంతా ఇంకిపోయి, నూనె తేలి చిటపటలాడే దాకా వేయిస్తే చాలు. పచ్చి కీమాను ఇంట్లో కుళాయి కింద కడిగితే క్రిములు పోవు, ఆ తుంపరలు పక్కనున్న కూరగాయల మీద పడతాయి. కూరగాయలు ముందు కోసి పక్కకు పెట్టి, కీమా తరువాత ముట్టుకోండి. చేతులు, గిన్నె సబ్బుతో కడగండి.

వండే విధానం

నలుగురికి కావలసినవి: కీమా పావు కిలో, సాదా నూడుల్స్ 200 గ్రాములు, పెద్ద ఉల్లిగడ్డ ఒకటి, గాజర్లు రెండు, చిన్న క్యాబేజీలో పావు ముక్క, గుప్పెడు బీన్స్, క్యాప్సికం ఒకటి, ఉల్లికాడలు, చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు పచ్చిమిర్చి, మిరియాల పొడి, రెండు టేబుల్ స్పూన్ల నూనె, రెండు టీ స్పూన్ల సోయా సాస్, అర టీ స్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ. మీర్ ఆలం మండీలో కూరగాయలు ఆదివారం కొని పెట్టుకునేవారు గాజరు, బీన్స్, క్యాబేజీ అప్పుడే కోసి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు ఆగుతాయి.

ఒక్క స్టవ్ ఉన్నవారు మొదట నూడుల్స్ కానివ్వండి. మరిగే నీళ్లలో వేసి, నడుమ కొంచెం గట్టిదనం ఉండగానే జల్లెడలో వంచి, చల్లని తాగే నీళ్లు పోసి, చెంచా నూనె రాసి పక్కన పెట్టండి. పూర్తిగా ఉడికితే తరువాత ముద్ద అవుతాయి. నీళ్లలో ఉప్పు వేయనక్కర లేదు.

ఇప్పుడు కడాయి బాగా కాగనివ్వండి. నూనె వేసి, కీమాను చేత్తో విడదీసి పరచినట్టు వేయండి. వేయగానే గరిటె పెట్టకండి. మన ఆడవారికి గరిటె ఊరుకోదు, నాకు కూడా. ఒక నిమిషం అలాగే వదిలితే అడుగు ఎర్రబడి కమ్మని వాసన వస్తుంది. వెంటనే కలిపితే నీరు వదిలి, బూడిద రంగులో ఉడికిపోతుంది, రుచి రాదు. తరువాత కలుపుతూ గడ్డలు చిదుపుతూ మంట పెద్దగానే ఉంచండి. నీరు ఇంకాక ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి పచ్చివాసన పోయేదాకా వేయించండి. కీమాకు మొత్తం 10 నిమిషాలు పడుతుంది. నమిలి చూస్తే ఇంకా గట్టిగా ఉందా? అరగ్లాసు నీళ్లు పోసి మూతపెట్టి, అవి ఇంకేదాకా ఆగండి. తొందరలో ఈ పని వదిలేయవద్దు.

బీన్స్, గాజరు ముందు. రెండు నిమిషాల తరువాత క్యాబేజీ, చివర క్యాప్సికం. పెద్ద మంట మీద మూడు నాలుగు నిమిషాలు మాత్రమే వేయించండి, కరకరలాడుతూ ఉండాలి. నూడుల్స్, ఉప్పు, సోయా సాస్, మిరియాల పొడి వేసి రెండు గరిటెలతో ఎత్తి కలపండి. దించిన తరువాత ఉల్లికాడలు చల్లి నిమ్మరసం పిండండి. నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండితే అందులోని సి విటమిను కొంత వేడికి పోతుంది.

సోయా సాస్‌లోనూ ఉప్పే కాబట్టి రెండూ కలిపి లెక్క చూడండి. ఈ కొలతలకు తలకు సుమారు 1 గ్రాము వస్తుంది. బి.పి. ఉన్నవారికి విడిగా వేసే ఉప్పు మానివేసి నిమ్మకాయ, మిరియాలు పెంచండి. షుగరు ఉన్నవారి పళ్లెంలో నూడుల్స్ సగం చేసి కీమా, కూరగాయలు పెంచండి.

రక్తానికి ఇది ఎంత ఇస్తుంది?

ఉన్నదున్నట్టు చెబుతాను. పెద్ద మాంసం 100 గ్రాములలో సుమారు 2 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. తలకు 60 గ్రాముల కీమా వస్తే 1 మిల్లీగ్రాము పైచిలుకు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి, పురుషునికి 19. ఆ లెక్కన ఇది చిన్న పాలే. అయితే మాంసంలోని ఇనుమును శరీరం సులువుగా పీల్చుకుంటుంది. కూరగాయలలో, గింజలలో ఉన్న ఇనుములో పదోవంతు కూడా ఒంటికి పట్టడం కష్టం. పక్కన మాంసం ఉన్నా, నిమ్మ, క్యాప్సికంలోని సి విటమిను ఉన్నా ఆ ఇనుము కూడా ఎక్కువగా పడుతుంది. మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. వీరిలో మాంసం తినే ఇండ్లవారు ఎందరో. చాలా ఇండ్లలో కీమా ముందు మగవారి పళ్లెంలోకి, తరువాత పిల్లల పళ్లెంలోకి పోతుంది, తల్లికి గిన్నె అడుగున పులుసు మిగులుతుంది. ఈ వంటలో కీమా నూడుల్స్‌తో కలిసిపోయి ఉంటుంది గనుక తల్లి పళ్లెంలోకి కూడా వస్తుంది. ఇది నాకు నచ్చిన గుణం.

ఇక చాయ్. పాతబస్తీలో చాయ్ మానమంటే ఎవరు వింటారు? మానమని అనడం లేదు. చాయ్‌లోని టానిన్లు ఇనుమును పట్టుకుని ఒంటికి అందనివ్వవు. భోజనానికి గంట ముందు గాని గంట తరువాత గాని తాగండి. డాక్టరు రాసిన ఐరన్ గోలీలకూ ఇదే మాట. పాలతో, చాయ్‌తో వేసుకోకండి, మంచినీళ్లతో వేసుకోండి. హిమోగ్లోబిన్ 8.6 ఉన్న తల్లికి కీమా నూడుల్స్ గోలీలకు బదులు కాదు.

మిగిలితే వేడి తగ్గగానే, రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలంలో గంటలోపే. మరునాడు పొగలు వచ్చేదాకా కాచి ఒక్కసారే తినండి. ఫ్రిజ్ లేని ఇంట్లో సరిపడా మాత్రమే వండాలి. రాత్రిది ఉదయం పిల్లల డబ్బాలో పెట్టి పంపవద్దు.

ఆ తల్లి మొన్న గోలీల కోసం వచ్చింది. "క్యాబేజీ ఏరి పక్కకు పెడుతుండ్రు సిస్టరమ్మా" అన్నది. క్యాబేజీని కత్తితో కాకుండా తురుముపీట మీద సన్నగా తురిమి, కీమా వేగుతున్నప్పుడే వేయమని చెప్పి పంపాము. కీమాలో కలిసిపోతే ఏరడానికి దొరకదు.