బాప్తిస్మానికి ముందు సునీల్‌కు

నాన్నా సునీల్,

ఉజ్జీవ కూటాల్లో అందరూ వెక్కివెక్కి ఏడుస్తుంటే నీకు ఒక్క చుక్కా రాలేదనీ, మారుమనస్సు లేకుండా బాప్తిస్మం ఎలా తీసుకోవాలనీ రాశావు. ఊరికే నీళ్లలో మునిగి రావడం నీకు ఇష్టం లేదని తెలిసి నాకు సంతోషం కలిగింది. కానీ ఏడుపును కొలబద్దగా పెట్టుకోకు.

సువార్తలు రాసిన గ్రీకులో మారుమనస్సుకు ఉన్న మాట ‘మెటనోయియా’. ‘నూస్’ అంటే మనసు, ‘మెటా’ ఇక్కడ మార్పును చెబుతుంది. మన బైబిలులో దాన్ని మారుమనస్సు అన్నారు. ఎంత చక్కగా కుదిరిందో! జెరోము సరిదిద్దిన లాటిన్ సువార్తల్లోని మాట మాత్రం పశ్చాత్తాపం వైపు, పోనుపోను చర్చి విధించే ప్రాయశ్చిత్తాల వైపు ఒరిగింది. లొరెంజో వల్లా, తర్వాత ఎరాస్మస్ అనే పండితులు గ్రీకు మూలం చూపించి ఆ అర్థం చాలదన్నారు. ఒకప్పుడు తనను భయపెట్టిన ఆ మాటే, గ్రీకు అర్థం తెలిశాక తీపిగా తోచిందని 1518లో లూథర్ తన గురువు స్టాపిట్జ్‌కు రాశాడు. నువ్వు కూడా భయపడుతున్నావు కదా, అందుకే చెబుతున్నాను.

ప్రభువును అప్పగించిన యూదా సంగతి చూడు. మత్తయి 27వ అధ్యాయంలో అతని దుఃఖానికి వాడింది వేరే గ్రీకు క్రియ. తెలుగులోనూ అక్కడ పశ్చాత్తాపమనే ఉంది. 30 వెండి నాణేలు తిరిగి పడేసి, కుమిలిపోయి, ఉరి వేసుకున్నాడు. ప్రభువును ఎరగనన్న పేతురు కూడా ఏడ్చాడు, కానీ ప్రభువు దగ్గరికే తిరిగి వచ్చాడు.

ఇక లూకా 3వ అధ్యాయం నిదానంగా చదువు. మేమేం చేయాలని జనం అడిగితే, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు యోహాను. సుంకరులను నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సిపాయిలను బెదిరించి గుంజుకోకుండా జీతంతో తృప్తిపడమన్నాడు. ఎవరి పనిలో వాళ్లకు పరీక్ష. సుంకరి అయిన జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తాననీ అన్నాడు. అతను ఏడ్చినట్టు లూకా ఎక్కడా రాయలేదు. సంతోషంతో యేసును ఇంటికి చేర్చుకున్నాడని మాత్రం రాశాడు.

ఇక నీ సంగతికి వస్తే, గదిలో నీతో ఉండే స్నేహితుడితో డబ్బు దగ్గర మాటపట్టింపు వచ్చి, నెలల తరబడి మాటల్లేవని చివర్లో ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. అతనికి ఇవ్వాల్సింది ఏమైనా ఉంటే ఇచ్చెయ్. నువ్వే ముందు పలకరించు, అతను మొహం తిప్పుకున్నా సరే. ఆ తర్వాత పాస్టరు గారితో బాప్తిస్మం తేదీ మాట్లాడు. ఆదివారమైతే నేనూ మామయ్యా ఇద్దరం వస్తాం.

ప్రేమతో,
నీ మేనత్త