ప్రవాస గృహస్థుని నిత్యవిధి

బ్రహ్మచారి, వానప్రస్థుడు, సన్న్యాసి అను మువ్వురికిని గృహస్థుడే ఆధారమని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఆ గృహస్థుడే ఇల్లు విడిచి సముద్రము దాటినపుడు ఆతని గృహము ఎక్కడ ఉన్నట్లు? పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో ఇది పండితగోష్ఠికి పరిమితమైన ప్రశ్న కాదు. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట గల్ఫు దేశములలో కట్టడపు పనులు విస్తరించినవి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్ ప్రాంతముల పల్లెలనుండి మేస్త్రీలు, వడ్రంగులు, కూలీలు ఆ దశాబ్దము మొదలు నేటివరకు పోవుచునే ఉన్నారు. మస్కటుకు పోయినను, కువైటుకు పోయినను ఆ ఊళ్లలో 'దుబాయి పోయినాడు' అనియే అందురు.

బౌధాయనుడు సముద్రయానమును పతనీయములలో చేర్చెను. ఆ వచనము చూపి వీరిని ఆక్షేపించువారు, గ్రామాలయ జీర్ణోద్ధరణకు వీరి విరాళములు స్వీకరించుటలో మాత్రము సంకోచింపరు. పోయినవారు పోయిరి, అచ్చట వారి దినచర్య ఎట్లుండవలెనన్నదే ఇప్పటి విచారము.

భార్యాబిడ్డలతో పోగలిగినవారు కొద్దిమంది. ఐక్య అరబ్బు ఎమిరేట్లలో 2019 నాటి నిబంధన ప్రకారము కుటుంబమును రప్పించుకొనుటకు నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతితో పాటు 3,000 దిర్హాములు జీతముండవలెను. కూలికి పోయినవాడు అంత జీతము ఎరుగడు. కనుక భార్య జగిత్యాలలో, భర్త దుబాయిలో పలువురు పంచుకొను గదిలో. ఇట్టి దంపతులను గూర్చి శ్రౌతసూత్రములు ఏనాడో ఆలోచించినవి. అగ్నిహోత్రి ప్రవాసమునకు పోవునపుడు అగ్నులు పత్నితో ఇంటనే ఉండును. ఆతడు ఎంత దూరమున ఉన్నను హోమవేళకు తన అగ్నులున్న దిక్కునకు తిరిగి మనస్సుచే ఉపస్థానము చేయవలెను. దంపతులిద్దరును వాసము మార్చుకొన్నచో అగ్నిని అరణులయందు సమారోపణ చేసి వెంట గొనిపోవుదురు. అనగా పత్ని ఇంట నిలిచినంతకాలము గృహము జగిత్యాలలోనిదే. ఆమె కూడ తరలిపోయిననాడు దుబాయిలోని రెండు గదుల వాటాయే గృహము. నిత్యదీపము, సాలగ్రామారాధన అక్కడికి తరలవలెను. 'దేశమునకు వచ్చినపుడు చేసికొందుములే' అనుటకు వీలు లేదు.

సాధారణముగా ప్రోషితభర్తృకకు విధించిన నియమములను, అనగా ఉత్సవములకు పోరాదు, అలంకరించుకొనరాదు అనువానిని, ఏకరువు పెట్టుట కలదు. దానికి ముందు భర్తకు మనువు విధించినది చెప్పరు. భార్యకు జీవనోపాధి కల్పించిన తరువాతనే పురుషుడు ప్రవాసమునకు పోవలెను. ఏజెంటుకు చెల్లించుటకై వడ్డీకి అప్పు తెచ్చి, ఆ అప్పును ఇల్లాలి నెత్తిన పెట్టి విమానమెక్కినవాడు ఈ విధిని దాటినవాడే. పొలము, పిల్లల చదువు, బ్యాంకు పని, అప్పులవాని మాట అన్నియు మోయుచు సాయంకాలము దీపము పెట్టు ఇల్లాలికి నగలు తగ్గించుకొమ్మని బోధించుట అనవసరము. ఆ అప్పునకు అవి ముందే తాకట్టులో ఉండును.

శ్రీవైష్ణవులకు దినము పంచకాలము: అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము. వేదాంతదేశికులు పాంచరాత్రరక్షలో దీనిని విస్తరించిరి. ఇందు ఉపాదానమనగా ఆరాధనకు వలసిన ద్రవ్యమును ధర్మమార్గమున సమకూర్చుకొనుట. ఇటుక మోసి సంపాదించిన దిర్హాము కూడ, ఇంటి దేవునికి నివేదనగా మారునెడల, ఉపాదానమే. ఇజ్యకు సమయము మధ్యాహ్నము. ఎమిరేట్లలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు 12:30 నుండి 3 గంటల వరకు ఎండలో పనిచేయించరాదను నియమమున్నది. ఆ నీడపట్టున పావుగంట మానసారాధనకు చాలును. హృద్యాగము బాహ్యారాధనకు ముందు చేయవలసిన అంగమే కాని, తక్కువది కాదు. గదిలో ఇతరులు మాంసము వండుకొనుచో తగవు పెట్టుకొననక్కరలేదు. పండు, పాలు, నీరు నివేదింపవచ్చును. తులసికి పర్యుషితదోషము లేదు గనుక ఇంటినుండి తెచ్చుకొన్న ఎండుదళమును వాడవచ్చును.

తిథినిర్ణయమున మాత్రము పొరపాటు తరచుగా జరుగుచున్నది. ఊరి పంచాంగమును వెంట గొనిపోయి అందలి దినములనే అనుసరింతురు. ధర్మపురి దగ్గర రాయపట్నము వంతెన దాటి గోదావరి ఆవలి ఒడ్డుకు పోయినవాడు సంకల్పమున నదీతీరమును మార్చి చెప్పును గదా! దేశకాలములు కర్త నిలిచిన చోటివి. తిథి ముగియు క్షణము లోకమంతటికి ఒకటే, సూర్యోదయము వేరు. దశమి ఒక సోమవారము మన గడియారముచే ఉదయము 5 గంటలకు ముగిసి ఏకాదశి ప్రవేశించినదనుకొందము. సూర్యోదయము జగిత్యాలలోను, దుబాయిలోను అచ్చటచ్చటి గడియారముచే 6 గంటలకనుకొందము. దానికి ముందు నాలుగు ఘడియలు, అనగా 96 నిమిషములు, అరుణోదయము. అది 4:24కు మొదలగును. జగిత్యాలలో అప్పటికింకను దశమియే. దశమీవేధ గల ఏకాదశి వైష్ణవులకు పనికిరాదు గనుక ఆ ఇల్లాలికి ఉపవాసము మంగళవారము. దుబాయి మనకంటె గంటన్నర వెనుక. దశమి ముగిసినపుడు అక్కడ 3:30. అరుణోదయమునకు ముందే ఏకాదశి వచ్చినది, వేధ లేదు. ఇతర విశేషములు లేనిచో భర్తకు ఉపవాసము సోమవారమే. ఒక ఇంటి దంపతులు రెండు దినములు ఉపవసించుట చూచి ఎవ్వరును శంకింపనక్కరలేదు. అమెరికాలోని వారికి ఈ భేదము మరింత అధికము. (అక్కడ సంకల్పమున క్రౌంచద్వీపమని చెప్పు పురోహితులును ఉన్నారు, అది వారి సంప్రదాయము.)

పితృతిథికి అపరాహ్ణవ్యాప్తి ముఖ్యము. అదియు కర్త ఉన్నచోటి అపరాహ్ణమే. వంటకు, భోక్తలకు వీలు లేని ప్రవాసికి ఆమశ్రాద్ధము, అనగా వండని ధాన్యముతో శ్రాద్ధము, శాస్త్రము అనుమతించినది. అదియు కుదరనిచో హిరణ్యశ్రాద్ధము. సెలవు దొరకలేదని తండ్రి తిథిని వదలివేయుటకు ఇన్ని వెసులుబాట్ల తరువాత అవకాశము లేదు.

ఆలయసేవకు ఇప్పుడు కొంత సౌకర్యమున్నది. దుబాయిలోని జెబెల్ అలీలో 2022లో నూతన దేవాలయము తెరువబడినది. అబూధాబిలో 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైన మందిరమున శ్రీ వేంకటేశ్వరస్వామి సన్నిధి కూడ ఉన్నది. సౌదీ అరేబియాలో ఆలయములు లేవు. అక్కడివారికి మానసారాధనయే శరణ్యము.

ప్రవాసమునుండి తిరిగివచ్చినవాడు సమిధలు చేతబూని అగ్నులను సమీపింపవలెను. పిమ్మట కుమారుని శిరస్సును చేతులతో పట్టి మంత్రము జపింపవలెనని ఆశ్వలాయన గృహ్యసూత్రము విధించినది. రెండేండ్ల ఒడంబడిక ముగించుకొని వచ్చిన తండ్రిని గుర్తుపట్టక తల్లి కొంగు చాటునకు పోవు బిడ్డలు ఆ పల్లెలలో ఎందరో కలరు. ఆ బిడ్డ దగ్గరకు వచ్చువరకు తండ్రి గుమ్మము కడ కూర్చుండి వేచియుండవచ్చును. సూత్రకారుడు దానికి ముహూర్తము పెట్టలేదు. కుమార్తెకు మంత్రము లేదు. మౌనముగా శిరస్సు పట్టుటయే.